డేటా సెంటరు తాళపుచెవులు ఎవరి చేతిలో ఉండాలి?

దేశంలో ఏ పోస్టాఫీసు కౌంటరులోనైనా, ఏ రిజర్వేషన్ కార్యాలయంలోనైనా పనిచేసే ఉద్యోగి అప్పుడప్పుడు పలుకక తప్పని మాట ఒకటి ఉన్నది: "సర్వర్ పనిచేయడం లేదు." ఆ మాట పలికే ఉద్యోగికి ఆ సర్వర్ ఏ ఊరిలో ఉన్నదో తెలియదు. దానిని ఎవరు కనిపెట్టుకొని ఉన్నారో తెలియదు. తిరిగి ఎప్పుడు వస్తుందో చెప్పగల నాథుడు ఫోనుకు దొరకడు. కాని వరుసలో నిలుచున్న ప్రజల దృష్టిలో సర్వర్ అంటే కౌంటరు వెనుక కూర్చున్న ఆ మనిషే. తిట్లు అతనికే, ఫిర్యాదులో పేరు అతనిదే, సాయంత్రం లెక్క కుదరకపోతే జేబులోనుంచి కట్టవలసినదీ అతనే.

జీతభత్యాలు, పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలకు అలవాటుపడిన ఈ పుటలలో డేటా సెంటరు యంత్రాల గురించి వ్రాయడానికి మేము పూనుకొన్నది ఇందుచేతనే. ఇది ప్రధాన కార్యాలయంలోని ఇంజనీర్ల వ్యవహారమనీ, గ్యాంగ్ మీద పనిచేసే ట్రాక్‌మన్‌కో, బ్రాంచి పోస్టాఫీసు నడిపే గ్రామీణ డాక్ సేవక్‌కో దీనితో నిమిత్తం లేదనీ అనుకొనే మిత్రులు మనలో ఉన్నారు. ట్రాక్‌మన్ జీతపు బిల్లు, సెలవు లెక్క, భవిష్యనిధి ఖాతా ఈనాడు యంత్రంలోనే ఉన్నవి. డాక్ సేవక్ చేతిలోని పరికరం పలికినా పలకకపోయినా ఆ యంత్రం దయే. అటువంటి యంత్రాలను ఒకసారి కొన్న తరువాత అయిదారేళ్లు, ఒక్కొక్కప్పుడు పదేళ్లు మోయవలసి ఉంటుంది. టెండరు పత్రంలో ఎవరో వ్రాసిన ఒక వాక్యం మన పని పరిస్థితులను ఏ సర్క్యులరు కన్న ఎక్కువగా శాసిస్తున్నది.

ముందుగా విషయమేమిటో తెలుసుకొందాము. డేటా సెంటరులో మూడు రకాల పనులు కలుస్తవి. లెక్క చేసేది సర్వర్. వ్రాసి దాచేది స్టోరేజి. ఈ రెండింటిని ఒకదానితో ఒకటి, బయటి కార్యాలయాలతో కలిపేది నెట్‌వర్క్. పాత పద్ధతిలో ఈ మూడూ మూడు కంపెనీల నుంచి, మూడు టెండర్లపై వచ్చేవి. మూడింటికీ మూడు జట్లు, మూడు నిర్వహణ ఒప్పందాలు. లోపం వచ్చిన రాత్రి "మా వైపు అంతా సవ్యంగా ఉన్నది" అని ముగ్గురూ వ్రాసి ఇచ్చేవారు. ఆర్.ఎం.ఎస్. సార్టింగులో సంచి కనిపించనప్పుడు పంపిన సెక్షను, అందుకొన్న సెక్షను ఒకరి మీద ఒకరు చెప్పుకొనే తీరు ఎరిగినవారికి దీనిని ఇంకా వివరించనక్కరలేదు.

ఈ చిక్కును తీరుస్తామని 2009 ప్రాంతంలో కంపెనీలు ఒక కొత్త సరుకును తెచ్చినవి. వారు దానిని కన్వర్జ్‌డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అన్నారు. మేము సమీకృత యంత్ర సముదాయం అంటాము. సర్వర్, స్టోరేజి, నెట్‌వర్క్ స్విచ్‌లు, వాటిపై నడిచే సాఫ్ట్‌వేర్ అన్నింటినీ కర్మాగారంలోనే ఒక ర్యాక్‌లో కూర్చి, పరీక్షించి, ఒకే సరుకుగా అమ్మడం దాని సారాంశం. ఆ సంవత్సరంలోనే సిస్కో, ఇ.ఎం.సి. కంపెనీలు వీఎంవేర్, ఇంటెల్‌లతో కలిసి ఏర్పరచిన కూటమి వీబ్లాక్ అనే పెట్టెను తెచ్చింది. 2010లో సిస్కో, నెట్‌యాప్ కలిసి ఫ్లెక్స్‌పాడ్ అనే నమూనాను ప్రకటించినవి. ఆ వెంటనే 2011లో న్యూటానిక్స్ వంటి కొత్త కంపెనీలు మరొక మెట్టు ఎక్కి, స్టోరేజికి విడి యంత్రమే అక్కరలేదనీ, ప్రతి సర్వర్‌లోని డిస్కులనూ సాఫ్ట్‌వేర్ ద్వారా ఒకే గిడ్డంగిగా కలుపవచ్చుననీ చూపినవి. దీనికి హైపర్‌కన్వర్జ్‌డ్ అని పేరు.

రైల్వే సోదరులకు ఈ తేడా సులభంగా బోధపడుతుంది. మొదటిది, ఇంజను, బోగీలు, బ్రేక్ వ్యాన్ అన్నీ కూర్చి, బ్రేకు పరీక్ష ముగించి, ధ్రువపత్రంతో సహా అప్పగించిన రేకు వంటిది. అవసరం వస్తే కప్లింగ్ విప్పి ఇంజనును మార్చవచ్చు. రెండవది ఇ.ఎం.యు. లేదా వందే భారత్ వంటి ట్రెయిన్‌సెట్. దానికి విడిగా ఇంజను లేదు. లాగే శక్తి బోగీల క్రిందనే పంచబడి ఉన్నది. వేగంగా బయలుదేరుతుంది, మలుపు దగ్గర ఇంజను మార్చనక్కరలేదు. కాని దానిని బాగుచేయడానికి తగిన షెడ్డు, అందులో పని నేర్చిన మనుషులు ముందుగానే ఉండాలి. దారిలో చిక్కుకొంటే దగ్గరలోని ఏదో ఒక ఇంజను తెచ్చి తగిలించి, యథాప్రకారం నడుపుదామంటే కుదరదు.

ఈ పద్ధతిలో మేలు లేదని మేము అనము. ఫిర్యాదుకు ఒకే చోటు ఉంటుంది. నెలల తరబడి సాగే కూర్పు పని వారాలలో ముగుస్తుంది. ఒక పెట్టె చెడినా దానిలోని పని మిగిలిన పెట్టెలపైకి దానంతటదే తరలిపోతుంది గనుక రాత్రివేళ కౌంటరుకు తెలియకుండానే గండం గడవవచ్చు. ఇవన్నీ నిజాలు. యంత్రాన్ని చూచి కళ్లు మూసుకోవడం కార్మిక సంఘాల పద్ధతి కాదు. యంత్రం ఏ షరతులపై రావాలో తేల్చుకోవడమే పద్ధతి. 1983లో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు యాజమాన్యాలతో చేసుకొన్న ఒప్పందం ఈ కోవలోనిదే. మన ప్రశ్న కూడ షరతులను గురించినదే.

అమ్మేవారి కరపత్రంలో "నిర్వహణ సులభం" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. సులభం ఎవరికి? నిర్వహణ అంటే ఏమిటో కొంచెం లోతుగా చూస్తేగాని ఈ మాటలోని మర్మం బోధపడదు.

ప్రతి యంత్రంలోను ఫర్మ్‌వేర్ అనే అంతర్గత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. సమీకృత సముదాయంలో సర్వర్ ఫర్మ్‌వేర్ ఈ సంఖ్యదైతే స్విచ్‌ది ఆ సంఖ్యది, పైన నడిచే సాఫ్ట్‌వేర్ మరొక సంఖ్యది ఉండాలని తయారీదారు ఒక పట్టిక ఇస్తాడు. ఆ పట్టికలోని కలయికకు మాత్రమే అతని హామీ. ఒక భాగంలో భద్రతా లోపం బయటపడినప్పుడు దానిని మాత్రమే సరిచేసి ఊరుకొంటే సముదాయం మొత్తం పట్టిక వెలుపలికి పోతుంది. ఆ తరువాత ఏది చెడినా "మీరు పట్టిక పాటించలేదు" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కావున అన్నింటినీ ఒక వరుసలో, ఒక్కొక్క పెట్టెలోని పనిని ప్రక్క పెట్టెలకు తరలిస్తూ మార్చుకొంటూ పోవాలి. ఇది ఆదివారం అర్ధరాత్రి చేసే పని. దానిని చేసే మనిషికి సర్వర్ తెలియాలి, స్టోరేజి తెలియాలి, నెట్‌వర్క్ తెలియాలి. వెనుక ముగ్గురు చేసిన పని ఈనాడు ఒక్కరి నెత్తిన పడింది. యంత్రాలు సమీకృతమైనవి గనుక మనుషులను కూడ సమీకృతం చేయవచ్చునని యాజమాన్యం లెక్క వేస్తున్నది. మూడు పోస్టులు ఒకటైనప్పుడు మిగిలిన రెండింటి జీతం ఆదా అవుతుంది. ఆ ఒక్కరి జీతం మాత్రం మూడింతలు కాదు.

నిల్వ సంగతి మరొకటి. హైపర్‌కన్వర్జ్‌డ్ పద్ధతిలో ప్రతి సమాచారానికి రెండు లేదా మూడు ప్రతులు వేర్వేరు పెట్టెలలో ఉంటవి. ఒక పెట్టె కూలితే దానిలోని ప్రతులను మిగిలిన పెట్టెలలో తిరిగి తయారుచేయడానికి ఖాళీ చోటు కావాలి. ఆ ఖాళీని చూచి "ఇంత చోటు వృథాగా ఉన్నదే" అని ఆడిట్ వారు వ్రాస్తారు. వెంటనే ఎవరో ఒకరు అందులో కొత్త పని పెడతారు. తరువాత ఒకనాడు పెట్టె కూలుతుంది, ప్రతులకు చోటు చాలదు. ఇది యంత్ర లోపం కాదు. ఖాళీ ఎందుకు ఉన్నదో తెలిసిన మనిషి ఆ గదిలో లేకపోవడమే లోపం. రిలీవింగ్ సిబ్బందిని "అదనం" అని రద్దు చేసి, ఎవరైనా జబ్బుపడిన నాడు డబుల్ డ్యూటీ వేసే కార్యాలయాలను చూచిన మనకు ఈ తెలివి కొత్తది కాదు.

కొనుగోలులో ఇంకొక మెలిక ఉన్నది. డిస్కులు మాత్రమే చాలనప్పుడు కూడ కొన్ని రకాలలో పూర్తి పెట్టెనే కొనవలసి వస్తుంది. అందులో అక్కరలేని ప్రాసెసర్లు ఉంటవి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు ధర ప్రాసెసర్‌లోని కోర్ల లెక్కన పడుతుంది. అంటే గిడ్డంగిలో బీరువా కావాలని వెళ్లినవాడు గుమాస్తాను, గుమాస్తాకు యూనిఫారాన్ని కూడ కొనుక్కొని రావలసి ఉంటుంది.

ఇవి సామాన్య నిర్వహణ చిక్కులు. వీటిని మించినది అమ్మినవాడే మారిపోవడం. రైల్వే రిజర్వేషన్ చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 1985లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రారంభమైనప్పుడు ప్రభుత్వరంగ సంస్థ అయిన సి.ఎం.సి. దానిని డిజిటల్ అనే అమెరికన్ కంపెనీ వాక్స్ యంత్రాలపై నిర్మించింది. మరుసటి సంవత్సరం క్రిస్ సంస్థ ఏర్పడింది. 1990ల మధ్య నాటికి సికింద్రాబాద్‌లో కన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ నడిచింది. ఆ దశకం ముగిసేలోగా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిసినవి. ఇంతలో డిజిటల్ కంపెనీని 1998లో కాంపాక్ కొన్నది. కాంపాక్ 2002లో హెచ్.పి.లో కలిసింది. హెచ్.పి. 2015లో రెండుగా చీలింది. మన టికెట్లు నడుస్తున్న యంత్రానికి గుండెకాయ వంటి ఇటానియం ప్రాసెసర్‌ను ఇంటెల్ 2021 జులై తరువాత పంపడమే మానివేసింది. 2010లో అమర్చిన ఆ ఇటానియం వ్యవస్థను మార్చుతున్నామనీ, నిమిషానికి 25 వేలుగా ఉన్న టికెట్ల సామర్థ్యాన్ని లక్షకు పెంచుతామనీ ప్రభుత్వం 2025లో పార్లమెంటుకు తెలిపింది.

నలభై ఏళ్లలో యంత్రం పేరుపలక ఇన్నిసార్లు మారినా రిజర్వేషన్ ఆగలేదు. ఎందుకు ఆగలేదు? సాఫ్ట్‌వేర్‌ను వ్రాసినవారు, దాని లోపలి నడక తెలిసినవారు మన దేశంలో, మన సంస్థలో ఉండడం చేతనే. కంపెనీలు పోయినవి, పరిజ్ఞానం నిలిచింది. ఈ తేడాను యాజమాన్యం గుర్తించాలని మేము కోరుతున్నాము.

సమీకృత పెట్టెల విషయంలో ఇదే కథ మరింత వేగంగా జరిగింది. వీబ్లాక్‌ను అమ్మిన కూటమి అయిదేళ్లలో ఇ.ఎం.సి. అధీనంలోకి పోయింది. 2016లో ఇ.ఎం.సి.నే డెల్ కొన్నది. పెట్టెలన్నింటి మీదా పరచుకొన్న వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఇ.ఎం.సి. నుంచి డెల్‌కు, 2021లో డెల్ నుంచి విడిపోయి, 2023 నవంబరులో బ్రాడ్‌కామ్‌కు చేరింది. కొత్త యజమాని ఒక నెల తిరగకముందే శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని నిలిపివేసి, ఇకపై ఏటేటా చందా కట్టాలన్నాడు. విడివిడిగా కొనుక్కొనే సాఫ్ట్‌వేర్లను మూటలుగా కట్టి అమ్మసాగాడు. అమెరికాలోని ఏ.టి. అండ్ టి. అంతటి పెద్ద కంపెనీ 2024లో న్యూయార్క్ కోర్టుకెక్కి, తమ నుంచి పదిరెట్లకు పైగా హెచ్చింపు కోరారని మొరపెట్టుకొన్నది. ఆ వివాదం తరువాత రాజీ అయింది. కాని అంతటి వారికే తప్పని పోటు, వార్షిక బడ్జెట్‌లో ఒక పద్దును పెంచుకోవడానికి ఏడాది తిరగవలసిన ప్రభుత్వ శాఖకు తప్పుతుందా? తప్పదు. అప్పుడు యాజమాన్యం ఆ సొమ్మును ఎక్కడి నుంచి తెస్తుందో మనకు తెలుసు. సిబ్బంది ఖర్చు అనే పద్దు ఎప్పుడూ కత్తెరకు దగ్గరగానే ఉంటుంది.

"ఈ పని మన ఉద్యోగులకు రాదు, అందుకే బయటివారికి ఇస్తున్నాము" అన్నది యాజమాన్యాల నిత్య వాదన. దీనికి తపాలా శాఖే సమాధానం చెప్పింది. 2012లో కేంద్ర మంత్రివర్గం 4,909 కోట్ల రూపాయలతో తపాలా శాఖ ఐ.టి. ఆధునికీకరణ పథకాన్ని ఆమోదించింది. నవీ ముంబయిలో డేటా సెంటరు, మైసూరులో విపత్తు కేంద్రం ఏర్పడినవి. ప్రధానమైన సాఫ్ట్‌వేర్ పనులు పెద్ద ప్రైవేటు కంపెనీలకు వెళ్లినవి. అంతకు ముందు అనేక సంవత్సరాలు పోస్టాఫీసు కౌంటర్లను నడిపిన మేఘదూత్ సాఫ్ట్‌వేర్ శాఖలోని ఉద్యోగులు వ్రాసినదే అన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు. పదేళ్లు గడచిన తరువాత శాఖ మళ్లీ తన ఇంటికే వచ్చింది. రెండవ దశ సాఫ్ట్‌వేర్‌ను మైసూరు కేంద్రంగా ఉన్న శాఖ సొంత సంస్థ, తపాలా సాంకేతిక నైపుణ్య కేంద్రం, తయారుచేసింది. 2025 ఆగస్టు 4 నాటికి సుమారు 1 లక్షా 65 వేల పోస్టాఫీసులు దానిపైకి మారినవి. ఒక్క రోజున 32 లక్షల బుకింగులు, 37 లక్షల బట్వాడాలు దానిపై నమోదైనట్లు ప్రభుత్వమే ప్రకటించింది. చేతకాని ఉద్యోగులు చేసిన పనేనా ఇది?

అయితే ఇందులో మనం ఒళ్లు మరచిపోవలసినది లేదు. మార్పు జరిగిన ఆ వారాలలో కొన్ని రోజులు లావాదేవీలు ఆపవలసి వచ్చింది. కొత్త తెర ముందు కూర్చొని, ప్రజల ఒత్తిడి మధ్య, శిక్షణ చాలక అవస్థపడినది సబ్ పోస్టాఫీసులోని అసిస్టెంటే. పైగా సాఫ్ట్‌వేర్ మనదైనా అది నడిచే యంత్రాలు ఇప్పుడు ప్రభుత్వ క్లౌడ్ అయిన మేఘరాజ్‌లోనివి. మేఘమని పేరు పెట్టినంత మాత్రాన అది ఆకాశంలో ఉండదు. అదీ ఒక గదే, అందులోనూ ర్యాక్‌లే, వాటికీ పట్టికలూ లైసెన్సులూ రాత్రి డ్యూటీలూ ఉన్నవి. ప్రశ్న ఒక గది నుంచి మరొక గదికి మారిందే గాని తీరిపోలేదు.

గదుల మాట వచ్చింది గనుక రెండు దుర్ఘటనలను జ్ఞాపకం చేయక తప్పదు. 2021 మార్చి 8న కోల్‌కతా స్ట్రాండ్ రోడ్డులోని న్యూ కోయిలాఘాట్ రైల్వే భవనం పదమూడవ అంతస్తులో నిప్పంటుకొన్నది. తొమ్మిది మంది మరణించారు; వారిలో అగ్నిమాపక సిబ్బంది, పోలీసు, రైల్వే రక్షణ దళ ఉద్యోగి, రైల్వే అధికారి ఉన్నారు. అదే భవనంలో ఉన్న రిజర్వేషన్ సర్వర్లకు విద్యుత్తు ఆపవలసి రాగా తూర్పు ప్రాంతంలో టికెట్ల జారీ స్తంభించింది. మనుషుల ప్రాణాల ముందు టికెట్ల మాట చిన్నదే. కాని వందలాది మంది పనిచేసే కార్యాలయ భవనంలో, అంతటి ప్రధాన యంత్రాల గదిని పెట్టి, ఆ భవనపు అగ్నిభద్రతను ఎవరు తనిఖీ చేస్తున్నారన్న ప్రశ్న సిబ్బంది ప్రాణాల ప్రశ్న కూడ.

రెండవది దక్షిణ కొరియాలోనిది. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని జాతీయ సమాచార కేంద్రంలో యు.పి.ఎస్. లిథియం బ్యాటరీలను మరొక చోటికి మార్చుతుండగా మంట పుట్టింది. ప్రభుత్వానికి చెందిన 709 వ్యవస్థలు ఒక్కసారిగా ఆగిపోయినవి. వారి పెద్ద పండుగ చుసోక్ ముందు, పార్శిళ్లు వెల్లువగా వచ్చే సమయంలో, తపాలా సేవలు, పోస్టాఫీసు బ్యాంకింగు దెబ్బతిన్నవి. లక్షకు పైగా ప్రభుత్వోద్యోగులు తమ పని దాచుకొన్న 858 టెరాబైట్ల నిల్వకు వేరొక చోట ప్రతి లేదు, అది బూడిదయింది. కొరియా వెనుకబడిన దేశం కాదు, పేద దేశమూ కాదు. అన్నీ ఒకే చోట చేరినప్పుడు ఒక్క తప్పు ఎంత దూరం పోతుందో అక్కడ కనిపించింది. సమీకరణ ఎంత ఎక్కువైతే రెండవ చోటు అంత నిజంగా ఉండాలి. విపత్తు కేంద్రం ఉన్నదని ఫైలులో వ్రాయడం వేరు. ఏడాదిలో ఒకనాడు ప్రధాన కేంద్రాన్ని ఆపి, దేశమంతటి కౌంటర్లను ఆ రెండవ కేంద్రం మీద నడిపి చూపడం వేరు.

ఇక మన సభ్యులకు అన్నిటికంటె ప్రమాదకరమైన విషయానికి వస్తాము. అది యంత్రం ఆగిపోవడం కాదు. యంత్రం తప్పు లెక్క చూపినప్పుడు ఎవరి మాట చెల్లుతుందన్నది. బ్రిటన్ పోస్టాఫీసులలో 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ నడిచింది. అది చూపిన లోటు సొమ్మును సబ్ పోస్టుమాస్టర్లు కాజేశారని కేసులు పెట్టారు. 900 మందికి పైగా శిక్షలు పడినవి. కొందరు జైలుకు పోయారు. ఇళ్లు, పరువు పోగొట్టుకొన్నవారు అనేకులు. వ్యవస్థలో లోపాలు ఉన్నవనీ, దానిని నిర్వహించే ఫుజిట్సు కంపెనీ సిబ్బంది దూరం నుంచే శాఖల లెక్కలలోకి, ఆ పోస్టుమాస్టర్లకు తెలియకుండానే, ప్రవేశించగలిగేవారనీ 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలను రద్దు చేయడానికి 2024 మేలో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఇరవై ఏళ్లపాటు "యంత్రం తప్పు చేయదు" అన్న ఒక్క మాట అంతమంది బ్రతుకులను నేలరాచింది.

సమీకృత సముదాయంలో ఈ ప్రమాదం తక్కువ కాదు. వెనుక సర్వర్‌కు ఒక తాళం, స్టోరేజికి ఒక తాళం, నెట్‌వర్క్‌కు ఒక తాళం ఉండేవి. ఇప్పుడు ఒకే తెర నుంచి అన్నింటిని తెరవగల అడ్మినిస్ట్రేటర్ హక్కు ఒకటే. అది నిర్వహణ కాంట్రాక్టు పొందిన కంపెనీ మనిషి దగ్గర ఉంటే, అతడు కూడ ఏ సబ్ కాంట్రాక్టరు క్రిందనో చాలీచాలని జీతానికి, ఏడాదికోసారి మారిపోయే కుర్రవాడైతే, రేపు మన బ్రాంచి పోస్టుమాస్టరు లెక్కలో తేడా వచ్చిన నాడు నిజం ఎవరు చెబుతారు? ఆ కుర్రవాని మీద మాకు కోపం లేదు. అతడూ కార్మికుడే; అతని జీతం, అతని పని గంటలు కూడ మన డిమాండులలో భాగమే. కాని శాఖ ఖజానా తాళపుచెవి శాఖకు జవాబుదారీ కాని చేతిలో ఉండడాన్ని మేము ఎంత మాత్రం అంగీకరించజాలము.

కావున మా సమాఖ్య వైఖరి ఇది. సమీకృత యంత్రాలు కొనండి; కాని టెండరు పిలిచిన తరువాత కాక, పిలువకముందే నిర్వహణ ఎవరిదన్న అంశాన్ని రైల్వేలో పి.ఎన్.ఎం.లోను, తపాలాలో జె.సి.ఎం.లోను చర్చకు పెట్టండి. పూర్తి అడ్మినిస్ట్రేటర్ హక్కు శాశ్వత ఉద్యోగుల వద్దనే ఉండాలి. కంపెనీ ఇంజనీరు లోనికి రావలసి వచ్చిన ప్రతిసారీ కాలపరిమితి గల అనుమతితో రావాలి. అతడు చేసిన ప్రతి పనీ, అతడు చెరపలేని చోట, నమోదు కావాలి. లెక్కలో తేడా వచ్చిందని ఏ ఉద్యోగినైనా సంజాయిషీ అడిగినప్పుడు ఆ నమోదు ప్రతిని అతనికి ఇచ్చిన తరువాతనే విచారణ మొదలు కావాలి.

శిక్షణను గురించి కంపెనీలు ఇచ్చే మూడు రోజుల తరగతి, సంచి, కలము, ధ్రువపత్రం మాకు అక్కరలేదు. యంత్రాన్ని స్వీకరించినట్లు సంతకం చేయకముందు మన ఉద్యోగులు స్వయంగా ఒకసారి ఫర్మ్‌వేర్ వరుసను ఆమూలాగ్రం మార్చి చూపాలి. ఒక పెట్టెను ఆపి, సమాచారాన్ని తిరిగి నింపి చూపాలి. అంతవరకు కంపెనీకి చివరి వాయిదా చెల్లించరాదు. ఇది మేము క్రొత్తగా కనిపెట్టినది కాదు. కొత్త లోకో వచ్చినప్పుడు షెడ్డులో మన ఫిట్టర్ల చేత విప్పించి, బిగింపించి చూడకుండా లైనులోకి పంపుతారా?

కాంట్రాక్టులో బయటపడే దారి కూడ ఉండాలి. కంపెనీ చేతులు మారితే లైసెన్సు ధర ఏ మేరకు పెరగవచ్చునో ముందుగా వ్రాయించాలి. మన సమాచారాన్ని, దానిపై నడిచే పనులను మరొక రకం యంత్రాలకు తరలించే పద్ధతి కాగితం మీద కాక, ఒకసారి చేసి చూపించినదై ఉండాలి. స్వేచ్ఛగా లభించే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్లు ఈ రంగంలో ఉన్నవి. వాటిని పరిశీలించకుండా ఒక్క కంపెనీ సరుకుకే సరిపోయేటట్లు టెండరు నిబంధనలు వ్రాసే అలవాటు మానాలి.

రాత్రి డ్యూటీ సంగతి వేరుగా చెప్పాలి. తెర ముందు ఒక్కడే కూర్చొని, ఆరు గంటలు ఏమీ జరగక, ఏడవ గంటలో దేశమంతటి కౌంటర్ల భారం నెత్తిన పడే పని ఇది. ఏమీ జరగని ఆరు గంటలను చూపి దీనిని తేలిక పని క్రింద జమకట్టే ప్రయత్నాన్ని ఎదిరించాలి. రైల్వేలో పని స్వభావాన్ని బట్టి డ్యూటీ గంటలను వర్గీకరించే నిబంధనలు ఉన్నవి; ఈ సిబ్బంది విషయంలోనూ అదే సూత్రం వర్తించాలి. ఒక షిఫ్టుకు ఇద్దరికి తక్కువ కాకుండా ఉండాలి. బ్యాటరీల గదిలోనికి ఒంటరిగా ఎవరినీ పంపరాదు.

కౌంటరు ఉద్యోగి కొరకు మేము కోరుతున్నది ఒక చిన్న కాగితం. యంత్రం ఆగిన ప్రతిసారీ, ఆగిన సమయం, తిరిగి వచ్చిన సమయం, కారణం తెలుపుతూ డేటా సెంటరు నుంచి ప్రతి కార్యాలయానికి అదే రోజు అధికారికమైన నోటీసు రావాలి. దానిని కౌంటరు ముందు అతికించాలి. ఆ వ్యవధిలో జరిగిన ఆలస్యానికి, రెండుసార్లు పడిన పద్దుకు, నిలిచిపోయిన చార్టుకు ఉద్యోగిని బాధ్యుని చేయరాదు. ఈ కాగితం ఇవ్వడానికి శాఖకు పైసా ఖర్చు కాదు. అయినా ఇవ్వరు, ఎందుకంటే ఇస్తే ఏడాది చివర వాటిని కూడి కాంట్రాక్టరు మీద జరిమానా వేయవలసి ఉంటుంది.

ఈ కాగితం వచ్చేవరకు దానిని మనమే వ్రాసుకొందాము. ప్రతి శాఖా కార్యదర్శి తన పరిధిలోని కౌంటర్ల వద్ద ఒక నోటుపుస్తకం ఉంచాలి. యంత్రం ఆగిన తేదీ, ఆగిన సమయం, తిరిగి వచ్చిన సమయం, ఆ రోజు పని ముగించి ఉద్యోగి ఇంటికి బయలుదేరిన సమయం, ఎవరి జీతంలోనుంచైనా సొమ్ము రాబట్టితే ఆ మొత్తం, ఇవన్నీ అందులో ఎక్కించాలి. ఊహలు, విమర్శలు వ్రాయనక్కరలేదు. ప్రతి నెలా 5వ తేదీలోగా దాని నకలు డివిజను కార్యదర్శికి చేరాలి. రానున్న పి.ఎన్.ఎం., జె.సి.ఎం. సమావేశాలలో మన ప్రతినిధులు వాటినే బల్ల మీద పెడతారు.